ఊరి మాటకు అక్షరం ఇచ్చిన వుక్ కరాజిచ్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒక మిత్రుడు మహనీయుల జీవితాలు రాస్తూనే ఉన్నాడు. అంబేద్కర్, ఫూలే, జాషువా గార్ల గురించి ఎంత చదివినా మనకు తనివి తీరదు. ఈసారి మేము కొంచెం దూరం వెళ్ళి, పేరు పలకడానికే నోరు తిరగని ఒక మనిషి గురించి రాస్తున్నాం. ఆయన పేరు వుక్ స్టెఫానొవిచ్ కరాజిచ్. దేశం సెర్బియా. ఐరోపా ఖండంలో ఆగ్నేయ మూలన, బాల్కన్ ప్రాంతంలో ఉంటుంది. అంత దూరపు మనిషి మనకెందుకు అని జూనియర్ తమ్ముళ్ళు అడగవచ్చు. రెండు పేజీలు ఓపిక పట్టండి.

సెర్బియాకు పడమటి వైపు లోజ్నిత్సా అనే పట్టణం ఉంది. దానికి దగ్గర్లో కొండల మధ్య తర్షిచ్ అనే చిన్న పల్లె. పల్లెలో ఒక వాగు, ఆ వాగు పేరు జెరావియా. సెర్బియాకూ బోస్నియాకూ హద్దుగా పారే ద్రీనా నది అక్కడికి ఎంతో దూరం కాదు. ఆ పల్లెలో రాతి పునాది మీద చెక్క దుంగలు పేర్చి కట్టిన ఒక ఇల్లు ఉంది. నిటారుగా వాలిన కప్పు, లోపల మధ్యన పొయ్యి, పక్కనే ఒక గది, అంతే. చుట్టూ ధాన్యం దాచుకునే కొట్టాలు, పాలు పెరుగు పెట్టుకునే పాక, కొత్తగా పెళ్ళయిన కొడుకు కోడళ్ళు పడుకోవడానికి వేసిన చిన్న చెక్క గుడిసెలు. ఇదంతా ఇప్పుడు ప్రభుత్వం కాపాడుతున్న చారిత్రక గ్రామం. అక్కడ ఏటా సెప్టెంబరు నెలలో వుక్ పేరు మీద పెద్ద సభ జరుగుతుంది. కవులు, కళాకారులు, బడిపిల్లలు గుంపులు గుంపులుగా వస్తారు. ఆ సభ 1933లో మొదలైంది. ఇల్లు కూడా 1933లో మళ్ళీ కట్టిందే. వుక్ పుట్టిన అసలు ఇల్లు యుద్ధంలో కాలిపోయింది. 2018లో ఆ ఊళ్ళోనే భాషకూ లిపికీ ఒక మ్యూజియం తెరిచారు. ఒక పల్లెటూళ్ళో భాషకు మ్యూజియం!

మేము ఆ ఊరు వెళ్ళి చూడలేదు. లైబ్రరీ పుస్తకాల్లో బొమ్మలు చూశాం, చదివాం, అంతవరకే. కానీ ఆ ఇంటి బొమ్మ చూసినప్పుడు మాత్రం కొత్తగా అనిపించలేదు. ఒక్క గది, పొయ్యి, పొగ చూరిన దూలాలు. మనలో చాలామందిమి అలాంటి ఇంట్లోంచే ట్రంకు పెట్టె పట్టుకుని ఈ హాస్టల్‌కు వచ్చినవాళ్ళం.

తోడేలు అని పేరు

వుక్ 1787 నవంబరు 7న పుట్టాడు. అప్పుడు సెర్బియా తుర్కుల ఒట్టోమన్ సామ్రాజ్యం కింద ఉంది. తండ్రి స్టెఫాన్, తల్లి యెగ్ద. వాళ్ళది వ్యవసాయం, పశువుల పెంపకం చేసుకునే కుటుంబం. ఈ పిల్లవాడికి ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. మంత్రగత్తెలు పిల్లల్ని తినేస్తున్నారని అక్కడి వాళ్ళ నమ్మకం. తోడేలు జోలికి మంత్రగత్తెలు రారని ఇంకో నమ్మకం. అందుకని బిడ్డకు వుక్ అని పేరు పెట్టారు. వాళ్ళ భాషలో వుక్ అంటే తోడేలు.

ఇది చదివి మేము నవ్వుకున్నాం, తర్వాత నవ్వు ఆగిపోయింది. పుట్టినవాళ్ళు పోతుంటే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి, చేటెడు తవుడుకు కొన్నట్టు చేసి, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టే ఆచారం మన ఊళ్ళలో ఉన్నదే కదా. పుల్లయ్య పేరు వెనుక కథ కూడా అలాంటిదే. హాజరు పట్టీలో ఆ పేరు పిలిచినప్పుడు వెనుక బెంచీల్లో కిసుక్కుమనేవాళ్ళు ఉంటారు. ఆ పేరు ఒక తల్లి భయం నుంచి పుట్టిందని వాళ్ళకు తెలియదు. తోడేలు అని పేరున్న ఈ మనిషి బొమ్మ సెర్బియా దేశపు 10 దినార్ల నోటు మీద ఉంది.

వుక్ ఇంటి చుట్టుపక్కల చదువు వచ్చినవాడు దాదాపు ఒక్కడే. ఆయన వుక్‌కు బంధువు, పేరు యెవ్త సావిచ్. ఆయన దగ్గరే వుక్ అక్షరాలు దిద్దాడు. దిద్దడానికి కాగితం లేదు. తూటాలకు చుట్టే కాగితం దొరికితే అదే అదృష్టం. సిరా లేదు, తుపాకీ మందు నీళ్ళలో కలిపి సిరాగా వాడాడు. కలం బదులు రెల్లు పుల్ల. ఆ తర్వాత లోజ్నిత్సాలో బడికి పంపారు, అది జబ్బు వల్ల మధ్యలో ఆగింది. తర్వాత ఊరికి కొద్ది దూరంలో ఉన్న త్రోనోషా అనే క్రైస్తవ మఠంలో చేర్చారు. మఠంలో సన్యాసులు చదువు చెప్పడం తక్కువ, పశువులు కాయించడం ఎక్కువ. పశువులే కాయాలంటే మఠం దాకా పోవడం దేనికి, ఇంట్లోనే ఉన్నాయి కదా అని తండ్రి ఇంటికి తీసుకొచ్చేశాడు. వుక్ మళ్ళీ మేకల వెంట కొండ ఎక్కాడు. ఏదైనా పుస్తకం దొరికితే దాన్ని వెంట పట్టుకుపోయేవాడు.

ఆ కొండల మీద, ఆ పొయ్యి చుట్టూ ఆయన విన్న పాటలే తర్వాత ఆయన జీవితమంతా అయ్యాయి. అప్పటికి ఆ సంగతి ఆయనకూ తెలియదు.

తిరుగుబాటు, బడి, కాలు

1804లో తుర్కుల మీద సెర్బు రైతులు తిరగబడ్డారు. నాయకుడు కరాజోర్జె. చరిత్రలో దీన్ని మొదటి సెర్బియా తిరుగుబాటు అంటారు. పదహారు పదిహేడేళ్ళ వుక్‌కు చదవడం రాయడం వచ్చు కాబట్టి తిరుగుబాటు దళాల్లో లేఖరిగా పని దొరికింది. ఆ గొడవల్లోనే తుర్కులు తర్షిచ్‌ను తగలబెట్టారు.

చదువు మీద ఆశ చావక వుక్ సరిహద్దు దాటి ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న స్రెమ్‌స్కి కార్లోవ్‌త్సి పట్టణానికి వెళ్ళాడు. అక్కడ సెర్బుల ఉన్నత పాఠశాల ఉంది. కానీ అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు. వయసు మించిపోయిందని చేర్చుకోలేదు. ఇంకో ఊరు వెళ్ళి కొన్ని నెలలు జర్మన్ భాష నేర్చుకున్నాడు. బెల్‌గ్రేడ్‌కు వచ్చి, సెర్బుల్లో అందరికన్నా గొప్ప పండితుడని పేరున్న దోసితెయ్ ఒబ్రాదోవిచ్‌ను కలిశాడు. ఈ పల్లెటూరి కుర్రవాడు ఆయన కంటికి ఆనలేదు. వుక్ ఉసూరుమంటూ తిరిగొచ్చి మళ్ళీ లేఖరి పనిలో చేరాడు. ఈ దోసితెయ్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1808లో తిరుగుబాటు ప్రభుత్వం బెల్‌గ్రేడ్‌లో గొప్ప బడి అనే పేరుతో ఒక ఉన్నత విద్యాలయం తెరిచింది. వుక్ అందులో చేరాడు. చేరిన కొద్ది రోజులకే కాళ్ళు, చేతులు పట్టేసే జబ్బు వచ్చింది. వైద్యం కోసం నోవి సాద్, పెస్ట్ పట్టణాలకు వెళ్ళాడు. నయం కాలేదు. ఎడమ కాలు మోకాలి దగ్గర వంగి అలాగే బిగుసుకుపోయింది. అప్పటి నుంచి చనిపోయేదాకా ఒక కొయ్య కాలును ఆధారం చేసుకుని నడిచాడు. తర్వాతి కాలంలో ఆయన దీని గురించి చేదుగా కాక సరదాగానే చెప్పుకున్నాడు. ఈ కొయ్య లేకపోతే తోటివాళ్ళలాగే తానూ ఏ యుద్ధంలోనో తుర్కుల చేతిలో చచ్చేవాణ్ణనీ, గుర్రం ఎక్కే పని లేక కూర్చుని చదువుకున్నాననీ ఆయన లెక్క. ఆ కొయ్య కాలితోనే ఆయన ఆ తర్వాత సెర్బియా, క్రొయేషియా, మాంటెనెగ్రో, రష్యా, జర్మనీ తిరిగాడు. రైళ్ళు లేని రోజులవి.

వియన్నాలో ఒక సెన్సారు అధికారి

1813లో తిరుగుబాటు కూలిపోయింది. వేలమందితో పాటు వుక్ కూడా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆస్ట్రియాలోకి వచ్చి వియన్నా చేరాడు. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ లేదు, డబ్బు లేదు, కాలు లేదు. సెర్బియా ఎలా కూలిందో ఒక వ్యాసం రాశాడు. స్లావిక్ భాషల్లో అచ్చయ్యేవాటిని ముందుగా పరిశీలించే ప్రభుత్వ సెన్సారు అధికారి యెర్నెయ్ కోపితార్. ఈయన స్లొవీన్ జాతివాడు, పెద్ద భాషా పండితుడు. వ్యాసం ఆయన చేతికి వచ్చింది. సెన్సారు అధికారి అంటే కొట్టివేతలు చేసేవాడని అనుకుంటాం. ఈయన వ్యాసం చదివి, రాసినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. కారణం ఏమిటంటే, ఆ వ్యాసంలో భాష పుస్తకాల భాష కాదు, మనుషుల భాష.

ఇక్కడ కొంచెం ఆగి అప్పటి సెర్బుల భాష సంగతి చెప్పాలి. చర్చిలో వాడేది చర్చి స్లావోనిక్ అనే పాత భాష. అది రష్యా నుంచి వచ్చిన పద్ధతి. చదువుకున్నవాళ్ళు పుస్తకాలు రాసేది దానికీ, రష్యన్‌కూ, ఇంటి భాషకూ కలిపి వండిన ఒక కలగూరగంప భాషలో. దానికి ఒక నియమం లేదు, ఎవరికి తోచినట్టు వారు రాసేవారు. ఇక దేశంలో నూటికి తొంభైమందికి పైగా ఉన్న రైతులూ, కాపరులూ మాట్లాడేది వేరు. దాన్ని మేకల కాపర్ల, పందుల కాపర్ల భాష అని పండితులు ఈసడించేవారు. లిపి కూడా అంతే. పలకని అక్షరాలు ఎన్నో ఉండేవి. మాట చివర ఏ శబ్దమూ లేని ఒక అక్షరం ఉత్తినే వచ్చి కూర్చునేది. మన అరసున్నలూ, బండి ఱలూ ఎక్కడ పెట్టాలో తెలియక ఒకప్పటి తెలుగు విద్యార్థులు పడిన కష్టం తలుచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది.

ఈ అక్షరాల మీద వుక్ కంటే ముందే గొంతెత్తినవాడు ఒకాయన ఉన్నాడు. సావా మర్కాల్య్. 1810లో చిన్న పుస్తకం అచ్చువేసి, ఈ పనికిరాని అక్షరాలు తీసేయాలని వాదించాడు. చర్చి పెద్దలు ఆయన మీద విరుచుకుపడ్డారు. తర్వాత ఆయన సన్యాసం తీసుకున్నాడు, వదిలేశాడు, 1817లో తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు. చివరికి 1833లో వియన్నాలో మానసిక రోగుల ఆసుపత్రిలో చనిపోయాడు. వుక్ జయించాడని చెప్పుకునేటప్పుడు ఈ మర్కాల్య్‌ను మరిచిపోవడం న్యాయం కాదని మాకు అనిపించింది. వుక్ స్వయంగా ఆయన పుస్తకం చూసే దారి పట్టాడు.

కోపితార్ వుక్‌కు మూడు పనులు అప్పజెప్పాడు. పాటలు సేకరించు, వ్యాకరణం రాయి, నిఘంటువు చేయి. 1814లోనే మొదటి రెండూ బయటికొచ్చాయి. చిన్నప్పుడు విన్న పాటలను గుర్తు తెచ్చుకుని ఒక చిన్న పాటల పుస్తకం వేశాడు. జనం మాట్లాడే సెర్బియన్ భాషకు మొదటి వ్యాకరణం రాశాడు. వ్యాకరణం చదవనివాడు వ్యాకరణం రాశాడని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. అందులో తప్పులున్న మాట నిజమే. నాలుగేళ్ళ తర్వాత ఆయనే దాన్ని మార్చి రాశాడు.

పాటగాళ్ళు

మాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. అందుకని కొంచెం ఎక్కువ రాస్తాం, సంపాదక మిత్రులు క్షమించాలి.

సెర్బుల వీరగాథలు పాడేవాళ్ళు గుస్లె అనే వాయిద్యం వాడతారు. దానికి ఒక్కటే తీగ, కమానుతో వాయిస్తారు. పాడేవాళ్ళలో చాలామంది గుడ్డివాళ్ళు, ఊరూరా తిరిగి పాడి పొట్టపోసుకునేవాళ్ళు. మన దగ్గర తంబూరా కథలు, బుర్రకథలు చెప్పేవాళ్ళను గుర్తు చేసుకోండి. 1815లో వుక్ శిషాతోవాత్స్ అనే మఠంలో మకాం పెట్టి ఇలాంటి పాటగాళ్ళను పిలిపించి పాటలు రాసుకున్నాడు. వాళ్ళలో ఫిలిప్ విష్నిచ్ ఒకడు. చిన్నప్పుడే మశూచి వచ్చి కళ్ళు పోయాయి. 1804 తిరుగుబాటు గురించి మొట్టమొదట గొప్ప పాటలు కట్టింది ఈయనే. కళ్ళతో చూడని యుద్ధాన్ని పాడాడు. ఇంకొకడు తేషాన్ పొద్రుగోవిచ్. ఒకప్పుడు అడవుల్లో తిరిగిన తిరుగుబాటుదారు. ఈయన పాడడు, వచనంలా చెప్పుకుంటూ పోతాడు. విన్నవాళ్ళు పగలబడి నవ్వుతుంటే తాను మాత్రం మొహం చిట్లించుకునే ఉండేవాడట.

ముసలి మిలియా కథ ఇంకా చిత్రం. ఆయన దగ్గర గొప్ప పాటలున్నాయని తెలిసి వుక్ చాలాకాలం వెతికి, చివరికి రాజుగారి చేత కబురు పెట్టించి 1822లో రప్పించాడు. మిలియా ముసలివాడు. తల నిండా పాత కత్తిగాట్లు. సారా పడకపోతే నోరు పెగలదు. పడితే, పాడతాడు గానీ ఒక్కో పాదం నిదానంగా చెప్పడు. వరుస తప్పకుండా రాసుకోవడం వుక్‌కు తల ప్రాణం తోకకు వచ్చేది. మళ్ళీ మళ్ళీ పాడించుకుని, నాలుగు పాటలు రాయడానికి పదిహేను రోజులకు పైగా పట్టింది. ఇంకా ఎన్నో ఉన్నాయని ముసలాయన చెప్పాడు. ఇంతలో ఎవరో పనిలేనివాడు వచ్చి, పంట కోతల వేళ ఈ పిచ్చి పాటలకోసం కూర్చున్నావేమని ఆయన్ని ఎగదోశాడు. మిలియా మూటా ముల్లె సర్దుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వుక్ ఆయన గురించి వాకబు చేసేసరికి కాలం చేశాడని తెలిసింది. మిగిలిన పాటలు ఆయనతోనే పోయాయి. మిగిలిన ఆ నాలుగు పాటలను సెర్బుల గాథల్లో మేలైనవాటిలో లెక్కిస్తారు.

ఆడవాళ్ళ దగ్గర కూడా వుక్ పాటలు రాసుకున్నాడు. జీవానా, యేత్సా, స్తెపానియా అనే గుడ్డి స్త్రీల పేర్లు ఆ పుస్తకాల చరిత్రలో నిలిచిపోయాయి. ఆ రోజుల్లో పాట పాడినవాళ్ళ పేరు ఎవరు రాసేవారు? వుక్ ఏ పాట ఎవరి నోట విన్నాడో, ఆ మనిషి ఎలాంటివాడో ముందుమాటల్లో శ్రద్ధగా రాశాడు. ఆ శ్రద్ధ మాకు ఆయన నిఘంటువు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. మా నాయనమ్మకు నాట్లప్పుడు పాడే పాటలు ఎన్ని వచ్చో మేము ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆమె పోయిన తర్వాత అడగాలనిపించింది.

ముప్పై అక్షరాలు

1818లో వుక్ సెర్బియన్ నిఘంటువు వియన్నాలో అచ్చయింది. 26,270 మాటలు, జర్మన్‌లోనూ లాటిన్‌లోనూ అర్థాలు. పెళ్ళి తంతులు, ఆటలు, నమ్మకాలు, వంటలు, పనిముట్లు అన్నీ మాటల పక్కనే వివరించాడు. చెప్పాలంటే అది ఒక జాతి ఇంటి సామాను పట్టిక. ఈ పుస్తకంలోనే ఆయన కొత్త లిపి బయటపెట్టాడు. ఒక శబ్దానికి ఒకే అక్షరం. ఒక అక్షరానికి ఒకే శబ్దం. పలికినట్టే రాయాలి, రాసినట్టే చదవాలి. జర్మన్ పండితుడు అడెలుంగ్ చెప్పిన ఈ సూత్రాన్ని వుక్ తూచా తప్పకుండా అమలుచేశాడు. పలకని అక్షరాలన్నీ ఎత్తేశాడు. లోటున్న శబ్దాలకు కొత్తవి చేర్చాడు. యకారానికి లాటిన్ లిపి నుంచి ఒక అక్షరం తీసుకున్నాడు. మొత్తం ముప్పై. హకారం శబ్దాన్ని మాత్రం మొదట వదిలేశాడు, ఎందుకంటే తన ప్రాంతంలో దాన్ని పలకరు. దక్షిణాన తిరిగి, అక్కడ జనం నోళ్ళలో హకారం విన్న తర్వాత 1836లో సామెతల పుస్తకంలో దాన్నీ చేర్చాడు. చెవిన పడితేనే అక్షరం, అదీ ఆయన పద్ధతి.

దుమారం లేచింది. ఆస్ట్రియాలోని సెర్బుల మతాధిపతి స్ట్రాటిమిరోవిచ్ బద్ధశత్రువయ్యాడు. లాటిన్ అక్షరం తెచ్చాడు కనుక సెర్బులను కాథలిక్కుల్లో కలపడానికి చేస్తున్న కుట్ర అన్నారు. పైగా నిఘంటువులో జనం నోట్లో ఉన్న బూతులు కూడా దాచకుండా ఎక్కించాడు. దానికి ఇంకా గోల. 1852లో 47,427 మాటలతో వచ్చిన రెండో ముద్రణలో బూతులు తీసేశాడు. ఈ విషయంలో మాత్రం పండితులే గెలిచారని చెప్పాలి.

ఇంతకీ ఒక యకారం కోసం, మాట చివర పలకని ఒక అక్షరం కోసం అంత గొడవ ఎందుకు జరిగింది? ఆరో తరగతిలో మేము వ్యాసంలో అన్నం అనకుండా బువ్వ అని, సొరకాయ అనకుండా ఆనపకాయ అని రాస్తే, ఒక మాస్టారు వాటిని ఎర్ర సిరాతో కొట్టేసి క్లాసులో చదివి వినిపించారు. అందరూ నవ్వారు. ఆ మాటలు తప్పని ఏ పుస్తకంలో ఉందో మాకు ఇప్పటికీ దొరకలేదు. అవి మా అమ్మ మాటలు, అంతే. అమ్మ మాట తప్పయితే అమ్మ కూడా తప్పేనా అని ఆ రాత్రి అనుకున్నాం. వుక్ మీద లేచిన గొడవ కూడా అక్షరాల గొడవ కాదని మాకు తోస్తుంది. పలకని ఆ అక్షరాలు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ఏళ్ళ తరబడి బడిలో కూర్చోవాలి. అంత తీరిక ఎవరికి ఉంటుందో వారికే రాత దక్కేది. ముప్పై అక్షరాలు నేర్చుకుంటే మేకల కాపరి కూడా తన మాట తాను రాసుకోగలడు. పెద్దలకు కంటగింపు అయింది అదే.

మన తెలుగులో వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టారు, వుక్ చనిపోవడానికి కొన్ని నెలల ముందు. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం బడులు పెట్టారు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశమే లేదు.

ఇంట గెలవక రచ్చ గెలిచి

సొంతవాళ్ళు తిడుతున్న రోజుల్లో బయటివాళ్ళు వుక్‌ను నెత్తిన పెట్టుకున్నారు. 1823లో జర్మనీ వెళ్ళాడు. పిల్లల కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన యాకోబ్ గ్రిమ్ సెర్బియన్ భాష నేర్చుకుని, 1824లో వుక్ వ్యాకరణాన్ని జర్మన్‌లోకి తెచ్చి ముందుమాట రాశాడు. మహాకవి గోథే వుక్‌ను ఆదరించాడు. యేనా విశ్వవిద్యాలయం 1823లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. పందొమ్మిదేళ్ళకు వయసు మించిందని బడి తలుపు వేసిన మనిషికి ముప్పై ఆరో ఏట విశ్వవిద్యాలయం డాక్టరు పట్టా! లీప్‌జిగ్‌లో అచ్చయిన పాటల సంపుటాలు యూరప్ అంతా తిరిగాయి.

పేరు వచ్చింది గానీ కడుపు నిండలేదు. 1818లో ఆయన వియన్నా అమ్మాయి ఆనా క్రౌస్‌ను పెళ్ళి చేసుకున్నాడు. పదముగ్గురు పిల్లలు పుట్టారు. తండ్రి తర్వాత బతికి ఉన్నది ఇద్దరే, కూతురు మినా, కొడుకు దిమిత్రియే. తన ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని తల్లిదండ్రులు తోడేలు పేరు పెట్టారు. ఆయన పిల్లలకు ఆ పేరు పెట్టలేదు. ఆనా ఎన్ని చిన్న శవపేటికలు చూసిందో తలుచుకుంటే పుస్తకాల సంఖ్య లెక్కపెట్టబుద్ధి కాదు. భర్త ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే ఇల్లు ఈడ్చింది ఆమె. మినా చిత్రకారిణి అయింది, తండ్రి సేకరించిన జానపద కథలను జర్మన్‌లోకి అనువదించింది. పుస్తకాల అచ్చుకు వుక్ ముందుగా చందాలు పోగుచేసి, చందాదారుల పేర్లు పుస్తకంలో వేసేవాడు. 1826 నుంచి రష్యా చక్రవర్తి ఇచ్చిన పింఛను కొంత ఆదుకుంది.

స్వదేశంలో అధికారం అప్పుడు మిలోష్ ఒబ్రెనోవిచ్ చేతిలో ఉంది. ఆయన రెండో తిరుగుబాటు నడిపిన వీరుడే, కానీ పాలనలో నియంత. చదువు రాదు. వుక్ కొంతకాలం ఆయన కింద పనిచేశాడు, 1831లో బెల్‌గ్రేడ్ న్యాయస్థానానికి అధ్యక్షుడుగా కూడా ఉన్నాడు. పొసగలేదు. సరిహద్దు దాటి వెళ్ళి, 1832లో జెమున్ పట్టణం నుంచి మిలోష్‌కు ఒక పొడవాటి ఉత్తరం రాశాడు. జనం సంతోషంగా లేరనీ, ప్రజలకు హక్కులు, చట్టం, బడులు కావాలనీ మొహమాటం లేకుండా చెప్పాడు. అదే ఏడు సెర్బియాలో వుక్ లిపిలో పుస్తకాలు అచ్చువేయడం నిషేధించారు.

ఆయన్ని దేవుణ్ణి చేయాలని మాకు లేదు. వాదంలో దిగితే నోటికి అదుపు ఉండేది కాదు. 1849లో అచ్చయిన ఒక వ్యాసంలో, తన మాండలికం మాట్లాడేవాళ్ళందరూ ఏ మతం వారైనా సెర్బులే అని రాశాడు. క్రొయేషియా వాళ్ళకు అది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఎవరి భాషను వారు చెప్పుకోవాలని పోరాడిన మనిషి, ఎవరి జాతిని వారు చెప్పుకోనివ్వకపోవడం మాకూ రుచించలేదు.

1847

ఆ ఏడు వుక్‌కు అరవై. ఒక్క ఏడాదిలో నాలుగు పుస్తకాలు వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా చర్చి పడనివ్వని ఆయన బైబిల్ కొత్త నిబంధన అనువాదం, జనం భాషలో. యువకవి బ్రాంకో రదిచెవిచ్ పద్యాలు. మాంటెనెగ్రో పాలకుడు, కవి న్యేగోష్ రాసిన కావ్యనాటకం కొండల పూదండ. యువ పండితుడు జూరా దానిచిచ్ రాసిన వాద గ్రంథం, దాని పేరే సెర్బియన్ భాష కోసం, రాత కోసం యుద్ధం. కాపరుల భాషలో ప్రార్థన చేయవచ్చు, ప్రేమ చెప్పవచ్చు, తత్వం చెప్పవచ్చు, పండితులతో వాదన కూడా చేయవచ్చని ఆ నాలుగు పుస్తకాలు చూపించాయి. వీటిలో వుక్ రాసింది ఒక్కటే. మిగతా ముగ్గురు వేరేవాళ్ళు. అందుకే సెర్బులు ఆ సంవత్సరాన్ని ఆయన గెలిచిన సంవత్సరం అంటారు.

గెలిచినా, సెర్బియాలో నిషేధం ఇంకా మిగిలే ఉంది. వుక్ 1864 ఫిబ్రవరి 7న వియన్నాలో చనిపోయాడు. ఆయన రాత పద్ధతికి సొంత దేశంలో చివరి అడ్డంకి 1868లో తొలగింది. నాలుగేళ్ళు ఆలస్యం. ఇప్పుడు సెర్బియా బడుల్లో అన్ని పాఠాల్లోనూ అన్ని తరగతుల్లోనూ పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు ఇచ్చే పట్టాను వుక్ డిప్లొమా అంటారు. బడి పూర్తి చేయని మనిషి పేరు మీద ఉంది ఆ పట్టా.

1897లో వియన్నా శ్మశానం నుంచి ఆయన అస్థికలను బెల్‌గ్రేడ్‌కు తెచ్చి, ప్రధాన చర్చి గుమ్మం ముందు రాజలాంఛనాలతో సమాధి చేశారు. ఏ చర్చి పెద్దలు ఆయన అక్షరాలను శపించారో ఆ చర్చి వాకిట్లోనే. పక్కనే ఇంకో సమాధి ఉంది. అది దోసితెయ్ ఒబ్రాదోవిచ్‌ది. అప్పుడు కంటికి ఆనని పల్లెటూరి కుర్రవాడు ఇప్పుడు ఆయన పక్కనే పడుకుని ఉన్నాడు.